మధురవాణి నియమము

కన్యాశుల్కమును విమర్శించువారు తఱచుగా బాల్యవివాహమునే చర్చించి, తుదిరంగమును వేశ్యకుఁ గలిగిన జ్ఞానోదయముగా వర్ణించి విడిచెదరు. విశాఖపట్టణమున వకీలు సౌజన్యారావు పంతులు మధురవాణికి భగవద్గీతను జూపుటయే యందులకు హేతువు. ఈ తీర్పు నాకు సమ్మతము గాదు.

ఆ కాలపు సంగతి కొంత స్మరింపవలయును. 1893లో మద్రాసు సంస్కర్తలు భోగముమేళములను ఆదరింపవలదని రాజప్రతినిధికిని గవర్నరునకును విన్నవించిరి. రఘుపతి వేంకటరత్నము నాయుఁడుగారు 1904లో కాకినాడ కళాశాలాధ్యక్షులై, ఏకేశ్వరోపాసనతోపాటు శీలపవిత్రతను విద్యార్థులకు బోధించిరి. యువకునకు దైవభక్తియు నింద్రియనిగ్రహమును నొక్కటే వ్రతమయ్యెను. గురజాడవారు నాటకమును పెంచి 1909లో మరల ప్రకటించినది యిట్టి వాతావరణముననే.

గిరీశ మా వాతావరణము నెఱిఁగినవాఁడు. బుచ్చమ్మను వలచుటకు విధవావివాహధర్మమే వానికి వల. ఇట్టి యువకుఁడు ప్రతి పట్టణమునను గలఁడు గనుక వానిఁగూర్చి విస్తరింపను.

సౌజన్యారావు వేఱు. అతని విశ్వాసము నిక్కము; వేశ్యాస్పర్శ కూడదని నియమము. హత్యానేరమునఁ జిక్కిన లుబ్ధావధానులను రక్షించు రహస్యమునకు మధురవాణి చుంబనమును మూల్యముగా నడుగఁగా, ఆ నియమమును నిరపరాధిని గావవలయునను ధర్మమును బెనఁగులాడును. తుదకతఁడు నియమమును విడుచుటకు సిద్ధపడును. ఆమెయే వారించును. చెడనివారిని జెఱుపరాదని తల్లి తనకు బోధించెనఁట!

ఇచ్చట విమర్శకులు నిలువవలసియుండెను. నిగ్రహ మెవరిది? ఆమె నేర్చిన హద్దు దేవాలయమునుండి గాని, సమాజమందిరమునుండి గాని వచ్చినది కాదు. మనము పాపగృహమని పేర్కొను నింట తల్లినోట వచ్చినది. వ్రతస్థుని వ్రతమును గాపాడినది, యా వ్రత మెవరిని దూరముగా నుంచెనో యామెయే.

శ్రీకృష్ణుఁడు మేళవ్యతిరేకి కాఁడా యని యామె యడిగిన ప్రశ్నను మనవారు హాస్యమని త్రోసివేసెదరు. నాకది శాస్త్రప్రశ్నగాఁ దోఁచును. గోపికావల్లభునిఁ గొలుచు మతము, 1947లో మద్రాసు శాసనము నిషేధించువఱకు దేవుని పేరఁ గన్యలను సమర్పించిన మతము, భోగస్త్రీని గుమ్మమున నిలుపు నధికార మెక్కడఁ బొందెను? పంతులు దీనికి సరియైన సమాధానము చెప్పెనని నే ననుకొనను. చెప్పలేకపోవుటయే నాటకమునకు బలము.

ఒక్కటి మాత్రము వెలితి. బుచ్చమ్మను విధవాగృహమునకుఁ బంపవలెనని పంతులు నిశ్చయించును. ఆ తుదిసంభాషణమున నామె గొంతు వినరాదు.