దానము నుండి చట్టమునకు: గ్రంథాలయ సంఘముల కృషిపై ఒక విమర్శ

ధర్మసంస్థలు చేయు సేవ రెండు తెఱగులు. చదువుగోరు వానికి పుస్తకము నిచ్చుట మొదటిది. ఆ పుస్తకము దాత దయపై నాధారపడక యెల్లరకును అందునట్లు చట్టము చేయుమని ప్రభుత్వము నడుగుట రెండవది. మొదటిదానిని లోకము మెచ్చును. రెండవదానిని రాజకీయమని కొందఱు శంకింతురు. ఈ శంక నిలువదు. దాతృత్వము తన పరిమితి నెఱిగినప్పుడే చట్టమును గోరును. అయినను రెండవ పనికి కఠినతరమైన పరీక్ష యవసరము. దాత తన సొమ్ము నిచ్చును. చట్టము గోరువాడు పరుల సొమ్మును పన్నుగా నడుగును. కావున ఎవరి పక్షమున అడిగిరి, ఏమి యడిగిరి, లభించిన దానిని ఎట్లు కాపాడిరి అను మూడు ప్రశ్నలకు అట్టివారు సమాధానము చెప్పవలసియుండును. తెలుగువారి గ్రంథాలయోద్యమమును ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించుట ప్రవాసాంధ్ర సంఘములకు నేడును ఉపయోగకరము.

ఉద్యమము దానముతోనే పుట్టినది. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము 1901లో నెలకొన్నది. బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో వెలసెను. వేటపాలెపు సారస్వత నికేతనము 1918లో మొలకెత్తినది. 1935లో పాతూరి నాగభూషణము పెదపాలెము నుండి కాలువపై పడవలో పుస్తకములను నడిపి తీరగ్రామములకు అందించెను. ఇవి యన్నియు ప్రజల చందాలతోను, ఉదారుల విరాళములతోను సాగినవి. వీని గొప్పతనము నిస్సంశయము. కాని విరాళము వ్యక్తితో పుట్టి వ్యక్తితో సన్నగిల్లునది. కార్యదర్శి ఊరు విడిచినచో బీరువాకు తాళము పడును. దాత వారసునకు అభిరుచి లేనిచో భవనము మిగులును, పుస్తకము మిగులదు. అంతేకాక, ధనికుడు గల గ్రామమునకే గ్రంథాలయము కలుగును; మిక్కిలి యవసరమైన పేద గ్రామమునకు అది కలుగదు.

ఈ లోపమును కార్యకర్తలు త్వరలోనే గుర్తించిరి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతను గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగెను. అప్పుడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. 1919లో మద్రాసున అఖిలభారత సభ కూడినప్పుడు బరోడా సంస్థానపు గ్రంథాలయాధికారి కుడాల్కరు అధ్యక్షత వహించెను. ఆ యెన్నిక యర్థవంతమైనది. బరోడాలో గ్రంథాలయములు రాజ్యవ్యవస్థలో భాగములై యుండెను. దానముపై నడచుచున్న ఉద్యమము రాజ్యము వైపు చూపు మరల్చినదనుటకు ఇది గుర్తు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘము స్థాపితమయ్యెను. దాని కార్యదర్శి యెస్.ఆర్. రంగనాథన్ 1930లో కాశీయందు జరిగిన ఆసియా విద్యాసభకు ఒక నమూనా చట్టమును సమర్పించెను. ఆ ఛాయలో రచింపబడిన బిల్లును 1933లో బషీర్ అహమ్మద్ సయ్యద్ మద్రాసు శాసనసభలో ప్రవేశపెట్టెను. అది చట్టము కాక మురిగిపోయినది. పదునైదేండ్ల పిమ్మట, అవినాశిలింగం చెట్టియారు విద్యామంత్రిగా నుండగా, 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయ చట్టము వెలసెను. స్వతంత్ర భారతమున ఇట్టి చట్టములలో ఇదియే మొదటిది.

ఈ విజయమునకు కారణములు రెండు. సంఘములు ప్రభుత్వమును ఊహాజనితమైన వస్తువు నడుగలేదు; తాము నడిపి చూపిన గ్రంథాలయములనే నిదర్శనముగా నుంచినవి. మఱియు కేవలము తీర్మానములతో తృప్తి చెందక, సెక్షన్లతో కూడిన ముసాయిదాను చేతికందించినవి. విన్నపమునకు మంత్రి సానుభూతి చూపి యూరకుండవచ్చును. ముసాయిదాకు అవునననో కాదననో చెప్పవలసియుండును. కావున మొదటి రెండు ప్రశ్నలకు ఉద్యమము చాలవఱకు మంచి సమాధానమే చెప్పినది. పాఠకుల పక్షమున అడిగినది. ఏటేట రాబడి యిచ్చు స్థిరనిధిని అడిగినది. ఇంటిపన్నులో రూపాయికి ఆరు పైసల, అనగా అర్ధణా, సెస్సు ఏర్పడెను. మద్రాసు నగరము తప్ప తక్కిన జిల్లాలలో వసూలైన మొత్తమునకు తగ్గని గ్రాంటును ప్రభుత్వము చేర్చవలెనని నిర్ణయమయ్యెను. దాతల మనోభావముపై నాధారపడిన వ్యవస్థకు ఇది గట్టి పునాది.

మూడవ ప్రశ్నకు సమాధానము అంత తృప్తికరము కాదు. చట్టము వచ్చిన పిమ్మట పని డైరెక్టరుకును జిల్లా గ్రంథాలయాధికార సంస్థకును సంక్రమించెను. ఉద్యమమును పెంచిన సంఘములు నిర్వాహక స్థానము నుండి సలహాదారుల స్థానమునకు జరిగినవి. కొన్ని తమ పని ముగిసినదని భావించి విశ్రమించినవి. కాని పన్ను వసూలగుట వేఱు, అది పుస్తకముగా మాఱుట వేఱు. నగరపాలక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయములకు చెల్లింపక నిలువయుంచుచున్నవని హైదరాబాదు, బెంగుళూరు నగరములందు పలుమాఱులు ఫిర్యాదులు వెలువడినవి. కావలియుండవలసిన సంఘము నిద్రించినచో చట్టమునకు నోరు లేదు.

పొరుగు రాష్ట్రముల తీరును పోల్చినచో ఈ విషయము మఱింత విశదమగును. 1965 నాటి కర్ణాటక చట్టము సెస్సుతో ప్రభుత్వశాఖను నిర్మించినది. 1967 నాటి మహారాష్ట్ర చట్టము సెస్సు విధింపక, సంఘములు నడుపు గ్రంథాలయములను గుర్తించి గ్రాంటు లిచ్చు మార్గమును పట్టినది. మొదటి పద్ధతిలో ధనము స్థిరము, ప్రజల చేయి దూరము. రెండవదానిలో ప్రజల చేయి దగ్గఱ, ధనము బడ్జెటు ననుసరించి మాఱుచుండును. ప్రభుత్వము నడుగువారు ఈ రెండు గుణములను కలిపి యడుగవలసియుండెను. డబ్బు గోరినప్పుడే అధికారమున వాటా కోరనివారు పిదప దానిని పొందుట దుర్లభము.

అయితే ఈ చరిత్రలో మిక్కిలి నొప్పించు అధ్యాయము భాషకు సంబంధించినది. చట్టము సెస్సునకు ఇంటిని, పాలనకు జిల్లాను కొలమానములుగా గైకొన్నది. పాఠకుని భాష దాని పునాదులలో చేరలేదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున కోట్లకొలది తెలుగువారుండగా ఈ లోపము కనబడలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రము వేఱుపడగానే కనబడెను. మద్రాసు నగరమునందును, హోసూరు ప్రాంతమునందును మిగిలిన తెలుగువారు ఆ చట్టము క్రిందనే సెస్సు చెల్లించు అల్పసంఖ్యాకులైరి. అదే సంవత్సరము బళ్ళారి మైసూరులో చేరెను. అచ్చటి తెలుగువారు పిదప 1965 నాటి కర్ణాటక చట్టము క్రిందికి వచ్చిరి. గంజాము తెలుగువారి స్థితి మఱింత విచిత్రము. 1914 సభనాటికి వారు మద్రాసు రాజధానిలోనివారే. 1936లో బరంపురము, పర్లాకిమిడి ఒరిస్సాలో చేరుటచే 1948 చట్టము వారి నంటలేదు. ఒడిశా చట్టము 2001లో గాని రాలేదు. అందును సెస్సు లేదు. యానాము 1954 వఱకు ఫ్రెంచి పాలనలో నుండుటచే మద్రాసు చట్టమునకు వెలియైనది. ఒకే యుద్యమపు వారసులు సరిహద్దు గీతలచే ఇన్ని విధములుగా విడిపోయిరి.

రాబోవు సరిహద్దులను ఆనాటివారు ఊహింపజాలకుండిరని కొందఱు సమర్థింపవచ్చును. ఈ సమర్థన పూర్తిగా చెల్లదు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రవాదము 1913 నాటి బాపట్ల ఆంధ్రమహాసభ నుండియు వినబడుచునే యుండెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలుగా ఉభయోద్యమములందును పాల్గొన్నవారు పెక్కండ్రు. సరిహద్దు గోరినవారికి సరిహద్దు కావల మిగులు వారి తలంపు కూడ నుండవలెను. అయినను వారిని నిందించుట న్యాయము కాదు. పరాయి పాలనలో, ధనబలము లేక, ఒక్క సెస్సు సూత్రమును ఒప్పించుటకే పదునెనిమిదేండ్లు పట్టినది. వారు సాధించినది ఘనము. విడిచినది తరువాతివారి పని.

ఆ పని నేటి సంఘములది. పలు సంఘములు తమ భవనములలో తెలుగు పుస్తకములను చేర్చి సభ్యులకు అందించుచున్నవి. ఇది దానము, ప్రశంసనీయము. కాని తెలుగువారు నివసించు వార్డులోని ప్రభుత్వ గ్రంథాలయమున తెలుగు పుస్తకముండుట దానము కాదు; సెస్సు చెల్లించు చోట అది న్యాయమైన హక్కు. దానిని కోరునప్పుడు పూర్వుల మేలైన పద్ధతిని గైకొనవలెను: తీర్మానము కాక నియమపు ముసాయిదా చేతికీయవలెను, ఏ శాఖలో ఎందఱు తెలుగు పాఠకులున్నారో లెక్క చూపవలెను. పూర్వుల లోపమును దిద్దుకొనవలెను: పుస్తకములను ఎన్నుకొను సంఘమున స్థానమడుగవలెను, కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ రాష్ట్రములలోని ఇతర భాషాల్పసంఖ్యాకులతో కలిసి యడుగవలెను. తనకొక్కనికే యడిగినది కోరికయనిపించుకొనును. అందఱికి నడిగినది నీతియగును.

చట్టము లభించిన నాడే సంఘపు రెండవ జీవితము ప్రారంభమగును. సెస్సు ఎంత వసూలైనది, ఎంత చెల్లినది, అందు తెలుగు పుస్తకమున కెంత చేరినది అని ఏటేట అడుగు సంఘమే పడవ గ్రంథాలయపు వారసత్వమునకు అర్హమైనది.