బృహన్నల పక్కన రేవతి

పాండవులు తలదాచుకున్న ఏకచక్రపురం తమ ఊరేనంటుంది బోధన్ స్థలపురాణం. బకాసురుడి కథ వింటూ పెరిగే ఇక్కడి పిల్లలకు, అజ్ఞాతవాసంలో అర్జునుడు దాల్చిన బృహన్నల రూపం కొత్త కాదు. 'నర్తనశాల' (1963)లో ఎన్టీఆర్ రూపంలో చూసే ఉంటారు. ఆడా మగా అన్న గీతల్లో ఇమడని మనుషుల్ని పిల్లలకు పరిచయం చేయాలంటే ఆ పేరుతో మొదలుపెట్టడం తేలిక. ఆ పక్కనే ఎ. రేవతి 'ఒక హిజ్రా ఆత్మకథ' కూడా ఉండాలంటాను. దాన్ని తెలుగు చేసిన పి. సత్యవతికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం దక్కింది.

తిక్కన విరాటపర్వంలో బృహన్నలకు దక్కిన మర్యాద తక్కువేమీ కాదు. రాజు కూతురికి నాట్యం నేర్పే గురువు. బెదిరి పారిపోతున్న ఉత్తరుణ్ణి పట్టి తెచ్చి రథమెక్కించిన ధీర. కానీ ఆ ధైర్యమంతా చివరికి అర్జునుడి ఖాతాలోనే పడుతుంది. ఊర్వశి శాపానికి ఏడాదే గడువు, అది తీరగానే మగవాడు తిరిగొస్తాడు. తరగతిలో కూర్చుని ఈ ఒక్క కథే వింటే, తేడాగా పుట్టిన పిల్ల తన బతుకునూ శాపమనే అనుకుంటుంది.

రేవతి కథ దీనికి పూర్తిగా ఎదురు. తమిళనాడు పల్లెలో మగపిల్లవాడిగా పెరుగుతూ, మారియమ్మ జాతరలో కురత్తి అనే ఆడవేషం కట్టినప్పుడు ఆమె తనను తాను చూసుకున్నారు. వేషం తీసి మగబట్టలు తొడుక్కున్నాకే మారువేషంలో ఉన్నట్టనిపించింది. అర్జునుడికి చీర మారువేషం, రేవతికి చొక్కా మారువేషం. ఆ తర్వాత ఇంట్లో దెబ్బలు, బయట పోలీసులు. లైంగిక హింస కూడా ఉన్నందువల్ల పుస్తకమంతా చిన్నపిల్లల చేతికివ్వలేం. బాల్యం గురించిన పేజీలు మాత్రం తొమ్మిదో తరగతిలోనే చదివించాలి.

ఈ రెంటి మధ్య మన గడ్డ చరిత్ర ఒకటుంది. బోధన్ ఉన్న నిజామాబాద్ కూడా భాగమైన హైదరాబాద్ సంస్థానంలో 1919లో హిజ్రాల మీద చట్టం వచ్చింది. ఆడబట్టలతో వీధిలో కనిపించినా, ఆడినా, పాడినా వారెంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. బృహన్నల కట్టిన చీర, నేర్పిన ఆట వీధిలోకొస్తే నేరమే. విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయని నమ్మే జనం నడుమ ఆ చట్టం నూరేళ్లకు పైగా బతికింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో కలిసి కోర్టుకెక్కాక, 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. పిల్లలకు చెప్పే చరిత్రలో ఈ పేరూ ఉండాలి.

అందుకే, బృహన్నలతో మొదలుపెట్టడం తేలికైనా, ముందు రేవతి, తర్వాతే బృహన్నల. ఆ వరసలో చదివిన పిల్ల, గాండీవం అందుకున్న అర్జునుణ్ణి చూసి, మరి బృహన్నల ఏమైందని అడుగుతుంది.