దృష్టి, దండం, జనపదం: భారీ వాస్తవకాల వ్యూహక్రీడల ఆకర్షణపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: వేలకొద్దీ యంత్రసైనికులతో సాగే 'టోటల్ యానిహిలేషన్', 'సుప్రీం కమాండర్' వంటి వీడియోగేములు ఆటగాళ్ళను దశాబ్దాల తరబడి ఆకట్టుకుంటున్నాయి. ఈ ఆకర్షణకు మూలం సైన్యాల సంఖ్యలో లేదనీ, చూపును ఎక్కడ నిలపాలో, ఎక్కడినుంచి తప్పించాలో నిర్ణయించుకునే అధికారంలో ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ అధికారానికి ఆట చెల్లించే మూల్యాన్ని భారత యుద్ధపర్వాలలోని దృష్టిభావన, అర్థశాస్త్రంలోని సప్తాంగభావన ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వీడియోగేమ్ విమర్శ, వాస్తవకాల వ్యూహక్రీడ, దివ్యదృష్టి, సప్తాంగాలు, అవధానం, సుప్రీం కమాండర్.

1. ప్రవేశిక

వ్యాసభారతంలోని భీష్మపర్వారంభంలో వ్యాసమహర్షి ధృతరాష్ట్రునితో యుద్ధాన్ని చూడగలిగే కన్నులను ప్రసాదిస్తానంటాడు. జ్ఞాతుల వధను కళ్ళారా చూడలేననీ, జరిగినదంతా వింటే చాలుననీ రాజు బదులిస్తాడు. దాంతో దివ్యదృష్టి సంజయునికి దక్కుతుంది. యుద్ధఫలం కావాలి, యుద్ధదృశ్యం వద్దు అనే ఈ కోరిక ధృతరాష్ట్రుని పాత్రచిత్రణలో ఎంత కీలకమో పండితులకు చెప్పనక్కరలేదు. అయితే ఇదే కోరికను నియమావళిగా మార్చుకున్న ఒక ఆధునిక క్రీడారూపం ఉంది. దాని గురించి మాట్లాడుకోవడానికి విమర్శకులుగా మనం ఇంకా కొంత సంకోచిస్తున్నాం.

వాస్తవకాల వ్యూహక్రీడ చదరంగంలాగా వంతులవారీగా సాగదు. ఇరుపక్షాలూ ఏకకాలంలో వనరులు సేకరిస్తూ, కట్టడాలు నిర్మిస్తూ, సేనలను నడుపుతూ పోరాడతాయి. 1992లో వెస్ట్‌వుడ్ సంస్థ రూపొందించిన 'డ్యూన్ 2' ఈ ప్రక్రియకు స్థిరరూపం ఇచ్చింది. 1998 నాటి 'స్టార్‌క్రాఫ్ట్' దక్షిణ కొరియాలో వృత్తిక్రీడ స్థాయికి ఎదిగింది. ఈ వ్యాసానికి వస్తువు మాత్రం దానికి భిన్నమైన మరొక శాఖ: 1997లో కేవ్‌డాగ్ సంస్థ నుంచి వచ్చిన 'టోటల్ యానిహిలేషన్', 2007లో గ్యాస్ పవర్డ్ గేమ్స్ సంస్థ నుంచి వచ్చిన 'సుప్రీం కమాండర్'. ఈ రెండింటి ప్రధాన రూపకర్త క్రిస్ టేలర్. వీటి వారసత్వాన్ని నేడు 'బియాండ్ ఆల్ రీజన్' అనే ఉచిత ఆట కొనసాగిస్తున్నది.

చరిత్రను వస్తువుగా తీసుకున్న ఆటల విషయంలో విమర్శకు వెంటనే పట్టు దొరుకుతుంది. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' ఆటకు 2022లో వచ్చిన భారతీయ అనుబంధం దక్షిణాది రాజ్యాలను 'ద్రవిడులు' అన్న ఒకే పేరు కింద చేర్చి, రాజేంద్రచోళుని కథను నడిపింది. మరి కాకతీయులెక్కడ అని మనం అడగవచ్చు, అడగవలసిందే. ఉక్కు యంత్రాలు మాత్రమే తలపడే ఆటలో ప్రాతినిధ్యచర్చకు అలాంటి సులభమైన ద్వారం ఉండదు. అక్కడ ఆట రూపాన్నే చదవాలి.

2. సంఖ్య వేరు, పరిమాణం వేరు

ఈ ఆటల ఆకర్షణకు సాధారణంగా చెప్పే కారణం వాటి భారీతనం: వందల ట్యాంకులు, ఆకాశాన్ని కప్పే విమానాలు, కొండంత ఎత్తున నడిచే ప్రయోగాత్మక యంత్రాలు. ఈ సమాధానం నిలవదు. అక్షౌహిణిలో 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం ఉంటాయని భారతం లెక్క. పద్దెనిమిది అక్షౌహిణులంటే లెక్క దాదాపు 39 లక్షలకు చేరుతుంది. 'సుప్రీం కమాండర్'లో ఒక్కొక్క ఆటగాడికి సాధారణంగా ఉండే పరిమితి 500 యంత్రాలు, పెంచుకుంటే 1,000. ఎనిమిదిమంది కలిసి ఆడినా మొత్తం ఎనిమిది వేలు దాటదు. సంఖ్యే ఆకర్షణ అయితే ఇతిహాసం ముందు ఈ ఆట పిల్లల కొట్లాట.

కానీ కవికి అక్షౌహిణి ఒక్క మాటతో సమకూరుతుంది. ఆటలో ప్రతి యంత్రానికీ దారి వెతకాలి, ఎదుటి యంత్రంతో ఢీకొనకుండా నడపాలి, పేల్చిన గుండు గాలిలో ఏ వంపుతో వెళ్ళి ఎక్కడ పడుతుందో గణించాలి. 'టోటల్ యానిహిలేషన్'లో గుండు కొండకు తగిలి వృథా కావచ్చు, గురితప్పి పక్కనున్న మరో యంత్రాన్ని కూల్చనూవచ్చు. పైగా ఆటలో పాల్గొనే కంప్యూటర్లన్నీ ఒకే యుద్ధాన్ని ఎవరికి వారు గణిస్తూ, ఆజ్ఞలను మాత్రమే ఒకదానికొకటి పంపుకుంటాయి. అందుచేత వారిలో ఒకరి యంత్రం నెమ్మదిస్తే అందరి కాలమూ నెమ్మదిస్తుంది. సేనలు పెరిగేకొద్దీ ఆటలోని ఒక నిమిషం గోడగడియారంలో రెండు నిమిషాలైపోవడం పాత ఆటగాళ్ళకు తెలిసిన అనుభవమే. వాస్తవకాలం అన్న పేరు అక్కడ వీగిపోతుంది. ఇతిహాసంలో పరిమాణం వర్ణన. ఇక్కడ అది బరువు. ఆ బరువు యంత్రం మీద ఎంత పడుతుందో ఆటగాడి బుద్ధి మీదా అంతే పడుతుంది.

3. గాదె, కాలువ

ఆ బరువు మొదట తెలిసేది యుద్ధభూమిలో కాదు, కోశంలో. 'స్టార్‌క్రాఫ్ట్' వంటి ఆటలలో సంపద గాదెలోని ధాన్యం వంటిది. కొలిచి పోసుకుంటాం, చాలినంత చేరాక మూల్యం చెల్లించి సైనికుణ్ణి కొంటాం, చాలకపోతే ఆగుతాం. టేలర్ ఆటలలో సంపద కాలువనీరు. లోహమూ విద్యుత్తూ నిరంతరం పారుతూ ఉంటాయి. నిర్మాణంలో ఉన్న ప్రతిదీ ఆ ప్రవాహం నుంచి కొంచెం కొంచెంగా తాగుతూ పూర్తవుతుంది. చేతిలో ఏమీ లేకపోయినా ఎంత పెద్ద కట్టడమైనా మొదలుపెట్టవచ్చు. అయితే తూములన్నీ ఒకేసారి తెరిస్తే ఆయకట్టు చివరి పొలానికి నీరందనట్లే అన్ని పనులూ ఒక్కసారిగా మందగిస్తాయి. 'సుప్రీం కమాండర్'లో విద్యుత్తు కొరవడితే రక్షణకవచాలు ఆరిపోతాయి, లోహపు గనుల దిగుబడి కూడా పడిపోతుంది. ఒక లోటు మరొక లోటును కంటుంది.

ఈ పద్ధతి ఆటగాడిని కొనుగోలుదారు స్థానం నుంచి నీరుకట్టు మనిషి స్థానానికి మారుస్తుంది. అతడు వస్తువులను కాక వేగాలను గమనించాలి. ఇప్పుడు నా వద్ద ఎంత ఉంది అన్న ప్రశ్న పోయి, రానున్న ఐదు నిమిషాలలో దేనికి ఎంత పారాలి అన్న ప్రశ్న మొదలవుతుంది. ఈ ఆటల్లో ఆరితేరినవారు యుద్ధం కంటే ఈ పారుదల గురించే ఎక్కువ మాట్లాడుకోవడం బయటివారికి వింతగా తోచవచ్చు.

2010లో వచ్చిన 'సుప్రీం కమాండర్ 2' ఈ ప్రవాహపద్ధతిని విడిచి, మూల్యం ముందే చెల్లించే పద్ధతిని తెచ్చింది, యుద్ధస్థలాలనూ కుదించింది. అది నేర్చుకోవడానికి సులువైన ఆట, చూడముచ్చటైన ఆట కూడా. అయినా మొదటి ఆట అభిమానులలో చాలామంది దానిని తమదిగా స్వీకరించలేదు. పెద్ద యంత్రాలు, పెద్ద పేలుళ్ళు అందులోనూ ఉన్నాయి. మరి పోయిందేమిటి?

4. ఎక్కడ చూడకూడదు

పోయినదానికి పేరు పెట్టాలంటే 2007 నాటి ఆటలోని చూపును వివరించాలి. మౌస్ చక్రాన్ని తిప్పితే ఒక ట్యాంకు గొలుసుచక్రం కనిపించేంత దగ్గరనుంచి, యుద్ధస్థలమంతా ఒకే తెరలో ఇమిడేంత ఎత్తు వరకు దృష్టి నిరాటంకంగా లేస్తుంది. అతిపెద్ద యుద్ధస్థలం 81 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఎత్తుకు వెళ్ళేకొద్దీ యంత్రాలు మాయమై వాటి స్థానంలో చిన్న గుర్తులు నిలుస్తాయి. గుర్తు ఆకారం యంత్రజాతిని, అందులోని గీతలు సాంకేతికస్థాయిని, రంగు యజమానిని తెలుపుతాయి. ఆట ఎక్కువభాగం ఈ గుర్తులతోనే సాగుతుంది. అంత శ్రమించి చెక్కిన యంత్రాల అందాన్ని ఆటగాడు చూడనే చూడడు.

ఇది దివ్యదృష్టి అనిపిస్తుంది. కానీ సంజయుని దృష్టికి అలుపు లేదు. అది పగలూ రాత్రీ అంతటినీ, ఎదుటివారి మనసులతో సహా చూస్తుంది. ఆటగాడి దృష్టికి రెండు పరిమితులున్నాయి. శత్రుభూమిని చీకటి కప్పి ఉంటుంది. దానికంటే గట్టి పరిమితి, అంతా కనిపిస్తున్నప్పుడు కూడా ఒక క్షణంలో ఒక్కచోటే మనసు నిలపగలగడం. ఉత్తరాన నౌకాదళం దాడి మొదలైంది, పడమట విద్యుత్కేంద్రం చాలడం లేదు, ఆగ్నేయంలో బాంబర్లు వస్తున్నట్లు రాడార్ చూపుతున్నది. లోహం కంటే, విద్యుత్తు కంటే అరుదైన వనరు ఇక్కడ అవధానం. మన అవధాని ఎనిమిదిమంది పృచ్ఛకులకు చాలావరకు వరుసగా సమాధానం చెబుతాడు. ఇక్కడ పృచ్ఛకులు వరుస పాటించరు.

కనుక ఈ ఆటలోని నైపుణ్యం చాలావరకు వదిలివేయడంలో ఉంది. కర్మాగారానికి ఒక క్రమం నేర్పి, అదే మళ్ళీ మళ్ళీ చేయమని చెప్పి మరచిపోవాలి. నిర్మాణయంత్రాలను ఒక దారిలో గస్తీకి పెట్టి, అవే మరమ్మతులు చూసుకుంటాయని నమ్మాలి. ఏ సరిహద్దు ఓడిపోయినా ఫరవాలేదో ముందే నిశ్చయించుకోవాలి. 'స్టార్‌క్రాఫ్ట్' మొదటి ఆటలో ఒకేసారి పన్నెండుమంది సైనికులను మాత్రమే ఎంచుకోగలగడం ఆటగాడి వేళ్ళను పరీక్షించింది. 'సుప్రీం కమాండర్' పరీక్షించేది అతని నిరాసక్తతను. ఈ వ్యాసకర్త మొదటి ఓటములలో అధికభాగం దగ్గరికి వెళ్ళి చూడడం వల్లనే కలిగాయి. నూతన యంత్రం కర్మాగారం నుంచి లేచి నిలబడే దృశ్యాన్ని ఆస్వాదిస్తుండగా, మరొక మూల తన కమాండర్ పేలిపోయి ఆట ముగిసేది.

రెండో భాగంలో పోయింది ఈ వదిలివేత. స్థలం కుదించుకుపోయి, కోశం గాదెగా మారినప్పుడు అన్నిటినీ చూసుకోవడం ఇంచుమించు సాధ్యమైంది. దేన్ని చూడకూడదన్న నిర్ణయానికి ఉన్న బరువు తగ్గింది.

5. లేని రెండు అంగాలు

అర్థశాస్త్రం రాజ్యానికి ఏడు అంగాలు చెబుతుంది: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రం. ఈ ఆటలలో స్వామి ఉన్నాడు. కమాండర్ అనే ఒక్క యంత్రం రూపంలో యుద్ధభూమిపైనే నడుస్తూ, మొదటి కట్టడాలను తానే నిర్మిస్తాడు. ప్రధానమైన ఆటవిధానంలో అతడు కూలితే రాజ్యం కూలుతుంది. కోశం, దుర్గం, దండం పుష్కలం. లేనివి అమాత్యుడు, జనపదం.

జనపదం లేకపోవడం యాదృచ్ఛికం కాదు. 'టోటల్ యానిహిలేషన్' నేపథ్యకథలో కోర్ ప్రభుత్వం మనుషుల చైతన్యాన్ని యంత్రాలలోకి మార్చడాన్ని తప్పనిసరి చేస్తుంది. నిరాకరించినవారు ఆర్మ్‌గా ఏర్పడతారు. నాలుగు వేల ఏళ్ళ యుద్ధం తరువాత మిగిలినవి ఒకవైపు నకలు చేసిన మనసులు, మరొకవైపు నకలు చేసిన దేహాలు. ఎవరికోసం ఈ యుద్ధం మొదలైందో వారు మిగలలేదు. 'సుప్రీం కమాండర్'లోనూ యుద్ధం వెయ్యేళ్ళది. అక్కడ కథాభాగంలో పౌరుల నివాసాలు అక్కడక్కడ కనిపించినా, అవి కాపాడవలసిన కట్టడాలే తప్ప తినే, అలిగే, పన్ను ఎగవేసే జనం కాదు.

ఈ శూన్యాన్ని లోపమనడం తేలిక. నా అభిప్రాయంలో ఇది ఆట తన ఆకర్షణను నిజాయితీగా ఒప్పుకోవడం. చూపు తిప్పుకోవడమే ఆనందమైన చోట మనుషులుంటే ఆ ఆనందం భరించరానిదవుతుంది. పడమటి సరిహద్దును వదిలేశాను అన్న వాక్యంలో ఒక ఊరు ఉంటే అది వ్యూహం కాదు, పాతకం. జనపదాన్ని తొలగించాకే ధృతరాష్ట్రుని కోరిక నిర్దోషమైన ఆట కాగలిగింది. పేలుళ్ళ సంఖ్యను బట్టి ఈ ఆటలను హింసాత్మకమనే విమర్శ ఈ తొలగింపును గమనించదు. అసలు తర్కించవలసింది అదే.

అమాత్యుని సంగతి వేరు. అతడు వెళ్ళిపోయి, ఈ మధ్యనే తిరిగి వచ్చాడు. 'బియాండ్ ఆల్ రీజన్'లో ఎనిమిదిమంది ఎనిమిదిమందితో తలపడే ఆటలకు మంచి ఆదరణ ఉంది. ఒకరు ముందువరుసను కాస్తారు, ఒకరు ఆకాశాన్ని చూసుకుంటారు, వెనుకనున్నవారు వనరులు పెంచి ముందువారికి పంపుతారు. ఒక్కని అవధానానికి మించిన భారాన్ని పంచుకోవడం ఇది. దానితోపాటు రాజసభలోని మిగతా లక్షణాలూ వచ్చాయి: నిందలు, అలకలు, సమయానికి విమానం పంపలేదన్న ఆరోపణలు. యంత్రాలకు మరమ్మతు ఆజ్ఞ ఇచ్చి మరచిపోవచ్చు. సహచరుణ్ణి అలా మరచిపోవడం కుదరదు.

6. శిథిలాలు, పునర్దర్శనం

ఈ ఆటలలో కూలిన యంత్రం మాయం కాదు. శిథిలంగా పడి ఉంటుంది. నిర్మాణయంత్రాన్ని పంపి ఆ శిథిలాన్ని కరిగిస్తే లోహం తిరిగి వస్తుంది. చెట్లను కరిగిస్తే విద్యుత్తు వస్తుంది. అందుచేత పెద్ద పోరు జరిగిన చోటే తరువాతి పోరూ జరుగుతుంది, మృతులే గని. స్త్రీపర్వంలో గాంధారికి కూడా వ్యాసుని వరంవల్ల దివ్యదృష్టి కలుగుతుంది. దూరం నుంచే ఆమె రణభూమిని చూసి, పడి ఉన్న ఒక్కొక్కరిని పేరుపెట్టి చెబుతుంది. ఆటలో శిథిలంపై చూపు నిలిపితే తెలిసేది అందులో ఎంత లోహముందన్నది.

అయినా ఆట తరువాత మరొక చూపు మిగిలి ఉంది. 'సుప్రీం కమాండర్' అధికారిక సేవలు ఆగిపోయాక ఆ ఆటను నిలబెట్టిన స్వచ్ఛంద క్రీడాసమూహం, జరిగిన ఆటలను భద్రపరచి ఎవరైనా తిరిగి చూసే వీలు కల్పించింది. ఆ పునర్దర్శనంలో చీకటి తొలగుతుంది, ఇరుపక్షాలూ కనిపిస్తాయి, కాలాన్ని వేగంగానో మెల్లగానో నడపవచ్చు. చేయి మాత్రం ఆడదు. ఆటగాడు అప్పుడు సంజయుడవుతాడు. ఓడినవారు తమ కమాండర్ కూలిన నిమిషాన్ని వెతుక్కుంటూ అక్కడికి వస్తారు. శత్రువు ఏ దారిన వచ్చాడో, రాడార్ ఎప్పుడు ఆరిపోయిందో, ఎన్ని క్షణాల ముందు తప్పించుకునే అవకాశం ఉండిందో అన్నీ దొరుకుతాయి. కానీ ఆ దస్త్రంలో దాచినవి ఆజ్ఞలు మాత్రమే. వాటిని మళ్ళీ గణించి యుద్ధాన్ని చూపుతారు. చూడడం ఆజ్ఞ కాదు గనుక, ఆ నిమిషంలో తాము ఎటు చూస్తున్నారన్నది అందులో ఉండదు.