రౌటరును తపాలా కచేరీతో పోల్చవచ్చునా?

రౌటరు అంటే ఏమిటని విద్యార్థి అడిగినప్పుడు మనము సాధారణంగా తపాలా కచేరీని చూపుతాము. ఉత్తరము వచ్చును, చిరునామా చదువుదురు, తగిన సంచిలో వేయుదురు. చాలకాలంగా చెలామణిలో ఉన్న ఈ ఉపమానము సగము దూరము బాగానే నడుచును.

మాణికేశ్వర్ నగర్‌కు వచ్చే ఉత్తరము మీద 500007 అని పిన్ కోడు ఉంటుంది. ఢిల్లీలో సంచి కట్టేవానికి మొదటి మూడంకెలు చాలును. చివరి అంకెలతో పని ఉత్తరము హైదరాబాదు చేరిన తరువాతనే. రౌటరు చేసేదీ ఇట్టిదే. తన పట్టికలో చిరునామాల మొదటి భాగాలను పోల్చి, అన్నిటికంటె ఎక్కువ పొడవున సరిపోయిన వరుసను ఎన్నుకొని, అందులో చెప్పిన ఇంటర్‌ఫేసుకు, అనగా ద్వారమునకు, ప్యాకెట్టును అప్పగించును.

అక్కడి నుండి ఉపమానము కుంటును. ద్వారము ఒక్కసారికి ఒక్క ప్యాకెట్టునే పంపగలదు. 1500 బైట్ల ప్యాకెట్టులో 12,000 బిట్లు ఉన్నవి. ఇంటివైపు తీగె సెకనుకు 100 మెగాబిట్లది, బయటి తీగె 2 మెగాబిట్లది అనుకొందాము. లోపలికి రావడానికి 0.12 మిల్లీసెకను, బయటికి పోవడానికి 6 మిల్లీసెకనులు! ఒకటి వెళ్ళేలోగా 50 రావచ్చును. మిగిలినవి జ్ఞాపకపు చిప్పులో వరుసగా నిలుచును. ఆ తావే బఫరు. అది నిండినచో, తరువాత వచ్చినదానిని రౌటరు పారవేయును. తపాలా గుమాస్తా ఈ పని చేస్తే ఉద్యోగము ఊడును.

"అయితే బఫరును పెద్దది చేయరేమి?" అని తెలివైన విద్యార్థి తప్పక అడుగును. ప్రశ్న మంచిది, ఉపమానము ఇచ్చే జవాబే తప్పు. ఒక మెగాబైటు బఫరు పెట్టినామనుకొనుడు. అందులో 80 లక్షల బిట్లు పట్టును. 2 మెగాబిట్ల తీగె మీద అవి ఖాళీ కావడానికి 4 సెకనులు కావలెను. మాణికేశ్వర్ నగర్‌లో ఒక గదిలో ఒకడు పెద్ద వీడియోను పంపుచుండగా, ప్రక్కవాడు గురువుగారి ప్రశ్నకు ఫోనులో జవాబు చెప్పినచో, ఆ మాట 4 సెకనులు వరుసలో నిలబడును. ఒక్క ప్యాకెట్టు కూడా పోలేదు, కాని సంభాషణ పాడైనది.

అంతేకాదు. పంపే కంప్యూటరుకు ప్యాకెట్టు పోవడమే "నెమ్మదించు" అనే కబురు. పెద్ద బఫరు ఆ కబురును దాచిపెట్టును. 1986 అక్టోబరులో అమెరికాలో లారెన్సు బర్క్‌లీ ప్రయోగశాలకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య, కేవలము 400 గజాల దూరములో, వేగము సెకనుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయినది. పంపేవారు నెమ్మదించక, పంపినవే మళ్ళీ పంపుచుండిరి. 1988లో వాన్ జేకబ్‌సన్ ప్రచురించిన చికిత్స కంప్యూటర్లకే గాని రౌటర్లకు కాదు.

బఫరు ఎంత ఉండవలెనన్న వివాదము ఇంకా రుచికరము. పాత సూత్రము ప్రకారము సెకనుకు 10 గిగాబిట్ల తీగెకు, రాకపోకలకు పావు సెకను పట్టినచో, 250 కోట్ల బిట్లు కావలెను. 2004లో అపెన్‌జెల్లర్, కెస్లాసీ, మెక్‌కియోన్ అనే ముగ్గురు, ఆ తీగె మీద 50,000 ప్రవాహాలు కలిసి నడిచినచో సుమారు ఒక కోటి బిట్లు చాలునని చూపిరి. ప్రవాహాల సంఖ్య యొక్క వర్గమూలముతో భాగించడమే వారి కిటుకు. ఇంటి రౌటరులో ప్రవాహాలు కొద్ది గనుక ఈ లెక్క అక్కడ చెల్లదు. అక్కడికి 2012లో నికల్సు, జేకబ్‌సన్ చూపిన పద్ధతి మేలు: వరుస పొడవును గాక, ప్రతి ప్యాకెట్టు ఎంతసేపు నిలిచినదో కొలిచి, ఆ నిరీక్షణ 5 మిల్లీసెకనులకు దిగకుండ కొంతకాలము సాగినచో పారవేయుట మొదలిడుదురు.

పాఠశాలలో దీనిని చూడడానికి పరికరాలు అక్కరలేదు. కంప్యూటరులో పింగ్ ఆజ్ఞ నడుపుచు, ప్రక్కన ఒక పెద్ద వీడియోను పంపనారంభించి, తెరమీది మిల్లీసెకనుల అంకె పెరుగుట గమనించవలెను. పెరిగినంత మేర అది వరుసలో గడిచిన కాలమే.