పేరున్న జంతువుల కథలు: తిమింగలాల నుంచి జానీ పులి వరకు

2024 నవంబరులో నిర్మల్ జిల్లా వార్తల్లోకి ఒక మగపులి వచ్చింది. పేరు జానీ, వయసు ఆరు నుంచి ఎనిమిదేళ్లు. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ అడవుల నుంచి బయలుదేరి, ఆదిలాబాద్ జిల్లా బోథ్ మీదుగా నిర్మల్ జిల్లాలోకి వచ్చింది. కుంటాల, సారంగాపూర్, మామడ, పెంబి మండలాలు తిరిగి ఉట్నూరు వైపు సాగిపోయింది. దారిలో హైదరాబాదు–నాగపూర్ జాతీయ రహదారిని కూడా దాటింది. నెల రోజుల్లో అది దాదాపు 300 కిలోమీటర్లు నడిచిందని అటవీ అధికారులు చెప్పారు. తన ప్రాంతంలో ఆడపులి దొరకనప్పుడు చలికాలంలో మగపులి ఇలా దూరం పోవడం మామూలేనని వివరించారు.

ఈ వివరణ చూస్తుండగానే ప్రేమకథ అయిపోయింది. ప్రేయసిని వెతుక్కుంటూ కాలినడకన రాష్ట్రం దాటిన ప్రేమికుడిగా జానీ దేశమంతటా ప్రసిద్ధి పొందింది. తెలుగు వ్యాకరణం చదువుకున్న మీకు ఇక్కడ ఒక చిన్న ఇబ్బంది ఎదురవుతుంది. జంతువు అమహద్వాచకం కాబట్టి 'పులి వచ్చింది' అంటాం. పేరు పెట్టి, మనసులో ఒక కోరిక పెట్టగానే 'జానీ వచ్చాడు' అనాలనిపిస్తుంది. క్రియ చివర వచ్చే ఆ మార్పులోనే జంతువు కథానాయకుడవుతుంది.

ఒక జంతువు జాతి నుంచి విడిపడి, సొంత పేరుతో జనం జ్ఞాపకంలో ఎందుకు నిలుస్తుంది? ఈ ప్రశ్నను పరిశీలించడానికి ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ ఉదాహరణలు తిమింగలాల దగ్గర దొరుకుతాయి. మన భాషలో మాత్రం తిమింగలం ఇప్పటికీ జాతిపేరే. 'తిమి' అనే పెద్ద చేపను సైతం మింగేది తిమింగిలమని వ్యుత్పత్తి. నేటి పత్రికల్లో ఆ మాట ఎక్కువగా కనిపించేది 'అవినీతి తిమింగలం' అన్న ప్రయోగంలోనే. అది పరిమాణాన్ని, ఆకలిని చెప్పే మాట. ఒక ఫలానా తిమింగలాన్ని గుర్తుపెట్టుకోవలసిన అవసరం తెలుగువారికి రాలేదు. తిమింగలాల వేట మీద బతికినవారికి వచ్చింది.

చిలీ తీరంలోని మోచా దీవి దగ్గర తిరిగిన ఒక తెల్లని తిమింగలానికి వేటగాళ్లు మోచా డిక్ అని పేరు పెట్టారు. జెరెమయా రేనాల్డ్స్ 1839లో దాని గురించి ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. అంతకుముందే, 1820 నవంబరు 20న, పసిఫిక్ మహాసముద్రంలో ఎసెక్స్ అనే వేట ఓడను ఒక తిమింగలం ఢీకొట్టి ముంచేసింది. ఓడలో ఉన్న 20 మందిలో ప్రాణాలతో మిగిలింది ఎనిమిది మంది. ఈ రెండు ఉదంతాలూ హెర్మన్ మెల్విల్ 1851లో ప్రచురించిన 'మోబీ డిక్' నవలకు ముడిసరుకయ్యాయి. ఓడను నిజంగా ముంచిన తిమింగలానికి పేరు లేదు, నవలలోని తిమింగలం పేరు తెలియని చదువరి లేడు. ఈటె గుచ్చిన వాడి మీద తిరగబడటాన్ని మనం 'పగ' అనగలం, పగ మనకు బాగా తెలిసిన కథ. ఆ కథలో ఇమిడిన తిమింగలం నిలిచింది. అదే కాలంలో నూనె కోసం వేల సంఖ్యలో చంపిన తిమింగలాలు ఓడల పద్దు పుస్తకాల్లో పీపాల లెక్కగా మిగిలాయి.

పగ తరువాత ఒంటరితనం. 1989లో ఉత్తర పసిఫిక్‌లో అమెరికా నౌకాదళం జలాంతర్గాముల కోసం ఉంచిన శ్రవణ పరికరాలకు 52 హెర్ట్జ్ దగ్గర ఒక తిమింగలం అరుపు వినిపించింది. నీలి తిమింగలాలు, ఫిన్ తిమింగలాలు సాధారణంగా ఇంతకన్నా చాలా తక్కువ స్థాయిలో అరుస్తాయి. విలియం వాట్కిన్స్ బృందం ఆ ధ్వనిని ఏళ్ల తరబడి అనుసరించి 2004లో వ్యాసం ప్రచురించింది. ఎవరికీ వినపడని గొంతుతో సముద్రమంతా పిలుస్తూ తిరిగే ఒంటరి జీవిగా అది అప్పటినుంచి లోకానికి పరిచయం. దాని మీద పాటలు వచ్చాయి, డాక్యుమెంటరీ వచ్చింది. మీ ఇళ్లలో బీటీఎస్ పాటలు వినే పిల్లలుంటే అడగండి, 2015లో ఆ బృందం ఈ తిమింగలం పేరు మీద చేసిన పాట గురించి చెబుతారు. అయితే ఆ తిమింగలాన్ని కంటితో చూసినవారు ఒక్కరూ లేరు. దాని అరుపు తోటి తిమింగలాలకు వినిపించదనడానికి ఆధారమూ లేదు. స్థాయి వేరైనంత మాత్రాన చెవులు మూసుకుపోవు. ఇక్కడ రికార్డయింది ఒక ధ్వని మాత్రమే. ఒంటరితనాన్ని దానికి మనమే అంటగట్టాం. నా దృష్టిలో ప్రసిద్ధ జంతువుల కథలన్నిటిలో అతి బలహీనమైన ఆధారం మీద కట్టిన అతి పెద్ద మేడ ఇదే.

అలాగని జంతువులో మనిషి భావాన్ని చూడటం ప్రతిసారీ పొరపాటేనని తీర్మానించవద్దు. తాలెక్వా ఉదంతం చూడండి. అమెరికా, కెనడాల పసిఫిక్ తీరంలో ఉండే ఓర్కాల గుంపులో అది ఒక తల్లి, పరిశోధకుల జాబితాలో జె35. 2018 జూలై 24న దానికి పుట్టిన పిల్ల కొద్దిసేపట్లోనే చనిపోయింది. తల్లి ఆ కళేబరాన్ని ముక్కు మీద మోస్తూ, జారిపోతే మునిగి పైకి తెస్తూ, 17 రోజులు, దాదాపు 1,600 కిలోమీటర్లు ఈదింది. లోకం దాన్ని 'దుఃఖం' అంది. ఈ మాట 52 హెర్ట్జ్ కథలోని ఒంటరితనం వంటిది కాదు. ఆ ఓర్కాలను 1970ల నుంచి ఒక్కొక్కదాన్నీ రెక్క ఆకారాన్ని బట్టి, మచ్చలను బట్టి ఫోటోలతో గుర్తిస్తున్నారు. ఏది ఎవరి బిడ్డో, ఏది ఎవరితో తిరుగుతుందో రాసి ఉంది. ఆ పదిహేడు రోజులూ చూసినవారున్నారు. 2024 డిసెంబరులో పుట్టిన మరో పిల్ల చనిపోయినప్పుడూ తాలెక్వా మళ్లీ అలాగే మోసింది. పైగా ఈ కథ తన వెనకున్న లెక్కను దాచలేదు. 2018 నాటికి ఆ గుంపులన్నీ కలిపి 75 ఓర్కాలే ఉన్నాయనీ, వాటి ప్రధాన ఆహారమైన చినూక్ సాల్మన్ చేప తగ్గిపోయిందనీ తాలెక్వా వల్లే సామాన్య పాఠకులకు తెలిసింది.

కనుక విమర్శకుడి తగాదా పేరుతో కాదు. చూసిందెంత, చేర్చిందెంత అని విడదీయడం ఒక పని. ఆ కథ వల్ల ఏది కనిపించింది, ఏది మరుగునపడింది అని అడగడం రెండో పని. రెండోదే కష్టం.

ఒకే జంతువుకు రెండు పేర్లుంటే ఈ పని కొంత తేలికవుతుంది. ఆదిలాబాద్ దాటి, పెన్‌గంగ అవతల అదే రహదారి మీద ఉన్న పాంఢర్కవడా ప్రాంతంలో 13 మంది మరణాలకు కారణమని చెప్పిన ఆడపులిని 2018 నవంబరు 2 రాత్రి కాల్చి చంపారు. అటవీశాఖ కాగితాల్లో అది టి1. దాన్ని కాపాడాలని ఉద్యమించినవారికి అవని. టి1 అని రాసిన వార్తలో చనిపోయిన పశువుల కాపరులు, పొలానికి వెళ్లడానికి భయపడే ఊళ్లు ఉంటాయి. అవని అని రాసిన వార్తలో రెండు పిల్లల తల్లి ఉంటుంది. రెండూ అబద్ధాలు కావు. కానీ ఏ పేరుతో మొదలుపెట్టారో చూస్తే ఆ వార్త ఎవరి పక్షాన ముగుస్తుందో చాలావరకు ఊహించవచ్చు.

ఈ దృష్టితో జానీ కథను మళ్లీ చదువుదాం. అందులో చూసిన సంగతి బలంగానే ఉంది: పులి నడిచింది, జత కోసం నడిచిందనడం జీవశాస్త్రానికి విరుద్ధం కాదు. ప్రేమ అనేది మనం చేర్చిన మాట, దాన్ని క్షమించవచ్చు. మరుగునపడినదే ఎక్కువ. ఆ ప్రయాణంలో పులి ఐదు పశువులను చంపిందని అప్పటి వార్తల్లోనే ఉంది, సాధారణంగా ఒక్క వాక్యంలో. మన సాహిత్యంలో పులీ ఆవూ ఎదురుపడిన ప్రసిద్ధ కథ అనంతామాత్యుని భోజరాజీయంలో ఉంది. అక్కడ మాట్లాడేది ఆవు, దూడకు పాలిచ్చి వస్తానని మాట ఇచ్చి నిలబెట్టుకునేది ఆవు, పాఠకుడికి గుర్తుండేదీ ఆవే. జానీ కథలో ఆవులు అంకె అయ్యాయి. ఒక ఎద్దు పోతే ఆ ఏడు దుక్కి ఎలా సాగుతుందో, పరిహారం కోసం పంచనామా మొదలుకొని ఎన్ని కాగితాలు కావాలో పెంబి, మామడ మండలాల్లో రైతులను అడగనక్కరలేదు, వారే చెబుతారు. ప్రేమకథలో వారికి చోటు లేకపోయింది.

ఇంకొకటి కూడా గమనించండి. కాగజ్‌నగర్ అడవుల్లో స్థిరపడి పిల్లలను పెట్టిన ఆడపులి ఫాల్గుణ. ఉమ్మడి ఆదిలాబాద్‌లో పులులు మళ్లీ నిలదొక్కుకోవడంలో దాని పాత్ర జానీ ప్రయాణం కన్నా ఎంతో పెద్దది. అయినా దేశం జానీనే గుర్తుపెట్టుకుంది. తిరిగే మగవాడి కథకు ఉన్న గిరాకీ, ఒకచోట ఉండి పిల్లలను సాకే తల్లి కథకు లేదు. జంతువుల విషయంలోనూ మన అలవాటు మారలేదు.

జానీ ఇంత దూరం ఎందుకు నడవవలసి వచ్చిందన్న ప్రశ్నకు ప్రేమ సమాధానం కాదు. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కోర్ ప్రాంతం 892 చదరపు కిలోమీటర్లు. కానీ మహారాష్ట్ర నుంచి వచ్చిన పులులు కోర్‌లో స్థిరపడటం అరుదు. దాన్ని పులులకు అనువుగా చేయడానికే 2024లో, అంటే జానీ వచ్చిన ఏడాదే, నిర్మల్ జిల్లా కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట గ్రామాలను ఖాళీ చేయించారు. 142 కుటుంబాలు. కొందరు కొత్త ఇల్లు, భూమి తీసుకున్నారు, మిగిలినవారు 15 లక్షల రూపాయల చొప్పున నగదు తీసుకున్నారు. కోర్ నుంచి తరలినవారి కథ, పులి కథ ఒకే అడవివి, ఒకే ఏడాదివి. జానీని గురించి చదివిన పాఠకుల్లో రాంపూర్ పేరు విన్నవారు ఎంతమంది ఉంటారో మీ చుట్టూ ఉన్నవారిని అడిగి చూడండి.

తరువాతి ఏడాది, 2025 మే 30న, కవ్వాల్‌ను తడోబా అడవులతో కలిపే పులుల దారి కోసం కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాలో సంరక్షణ ప్రాంతాన్ని ఏర్పాటు చేస్తూ ప్రభుత్వం 49వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. ఆదివాసీ సంఘాలు ఆందోళనకు దిగాయి, బంద్ పాటించాయి. జూలై 21న ఆ ఉత్తర్వును నిలుపుదల చేశారు. జానీని ప్రేమికుడిగా మాత్రమే చదివిన వారికి ఈ ఆందోళన ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాదు. ఆ పులికి కావలసిన దారి ఎవరి చేల పక్కనుంచి, ఎవరి ఊళ్ల మీదుగా పోతుందన్నది మొదటి వార్తలోనే, మండలాల పేర్ల వరుసలో ఉంది.