గ్లాసుడు టీలో ఎంత వేడి?

చలిగాలుల హెచ్చరికతోపాటు వచ్చే జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థవారి సూచనలు మీరు చూసే ఉంటారు. వేడి పానీయాలు తరచు తాగండి, అవి ఒంటి వేడిని నిలుపుతాయి, మంచి ఆహారం తినండి, మద్యం ముట్టకండి. చేయమన్నవన్నీ చేయదగినవే. పేచీ అల్లా చెప్పిన కారణాలతోనే.

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ ఒడ్డున ఉన్న భుయ్యాడీహ్ నుంచి తెల్లవారుజామున కూలికి బయల్దేరే మనిషిని ఊహించుకోండి. రాత్రి సగం కడుపుతో పడుకున్నాడు. ఈ సూచనలు అతనికెంతవరకు పనికొస్తాయి?

లెక్క వేద్దాం. 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న 200 మిల్లీలీటర్ల టీ, 37 డిగ్రీలకు దిగేలోగా ఒంటికిచ్చేది సుమారు 4.6 కిలోకాలరీలు. అందులో వేసిన రెండు చెంచాల పంచదార, అంటే 10 గ్రాములు, ఇచ్చేది 40! అసలు వేడి గ్లాసులో లేదు, తీపిలో ఉంది. ఉప్పు వేసిన గంజి అయితే నీరూ పిండిపదార్థమూ కలిసే దొరుకుతాయి.

నీటి సంగతీ అంతే. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తం లోపలికి మళ్ళుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందన్నట్టుగా మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి. ఊపిరితో కొంత ఆవిరి పోతుంది. దాహం మాత్రం మందగిస్తుంది. దప్పిక లేకపోయినా ఎందుకు తాగాలో ఈ రెండు ముక్కల్లో చెప్పవచ్చు.

ఇక ఆకలి. వణుకు, విశ్రాంతిలో పుట్టే వేడిని అయిదు రెట్లదాకా పెంచగలదు. దానికి ఇంధనం కొవ్వూ, కండరాల్లోని గ్లైకోజెనూ. తిండి తగ్గితే శరీరం పొయ్యి మంటనే తగ్గించేస్తుంది. 1944-45లో అమెరికాలోని మినెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు ఆరు నెలలపాటు దాదాపు సగం తిండే పెట్టినప్పుడు, వాళ్ళు ఎండాకాలంలో కూడా చలి అని వాపోయారు. "మంచి ఆహారం తినండి" అన్న మాట, తినడానికి ఉన్నవాడికి చెప్పే మాట.

అన్నిటికన్నా ఇబ్బంది మద్యం గురించిన వాక్యం. మద్యం రక్తనాళాలను, ముఖ్యంగా చేతుల్లోవాటిని, ముడుచుకునేట్టు చేస్తుందని రాశారు. జరిగేది తలకిందులు. చర్మంలోని నాళాలు వెడల్పవుతాయి, లోపలి వేడి బయటికి పోతుంది. తాగినవాడికి మాత్రం ఒళ్ళు వెచ్చబడ్డట్టే ఉంటుంది. మన సూచన తప్పని అతని చర్మమే చెబుతుంటే, ఇక మానమంటే ఎలా మానతాడు? పైగా ఖాళీ కడుపున తాగితే కాలేయం కొత్తగా గ్లూకోజ్ తయారుచేయడం మందగిస్తుంది. రక్తంలో చక్కెర పడిపోతే వణుకూ ఆగిపోవచ్చు. పస్తున్న మనిషికి ముందుగా చెప్పవలసింది ఇదే.