పిన్నుల చిల్లులు, వంగే గోడలు

రాయచూరు జిల్లా శక్తినగర్‌లో మా అక్కావాళ్ళ ఇంట్లో భోజనాల బల్ల మీద రెండు ముక్కలున్నాయి. రాయచూరులో పరుపుల షాపతను ఇంటికి తీసుకెళ్ళి చూసుకోమని ఇచ్చిన నమూనాలు. ఒకటి మీగడ రంగులో ఉంది, కోసిన చోట ఇడ్లీ లోపలి భాగంలా సన్నని గుల్ల, పైనుంచి కిందిదాకా వరసగా పెన్సిల్ దూరేంత చిల్లులు. అది లేటెక్స్. రెండోది తెల్లటి జాలీ. చదరపు గళ్ళు, అట్టముక్క మందాన గోడలు, పట్టుకుంటే జెల్లీలా ఊగుతుంది. అది పాలిమర్ గ్రిడ్. ఇరవై ఏళ్ళ దూది పరుపు గడ్డలు కట్టడంతో కొత్తది కొనాలి. ఏది కొనాలో తేల్చమని అక్క నన్ను పిలిపించింది. నేను వెళ్ళేసరికే బావ రెండు ముక్కల మీదా రెండు బొటనవేళ్ళు పెట్టి నొక్కుతూ కూర్చున్నాడు.

బావ చేతికి రబ్బరు కొత్త కాదు. ఇక్కడి థర్మల్ స్టేషన్‌లో మొదటి యూనిట్ 1985లో మొదలైంది. ఇప్పుడు ఎనిమిది యూనిట్లు కలిపి 1720 మెగావాట్లు. సింగరేణి నుంచి, ఇంకా దూరం నుంచి రైళ్ళలో వచ్చే బొగ్గు బాయిలర్ల దాకా రబ్బరు బెల్టుల మీదే పోతుంది. ఆ బెల్టుల దగ్గరే బావ ఉద్యోగమంతా గడిచింది. బెల్టు తెగితే రెండు కొసల్నీ మెట్లు మెట్లుగా చెక్కి, నడుమ పచ్చి రబ్బరు పరిచి, వేడి పలకల మధ్య బిగించి ఉడికిస్తారు. సరిగ్గా ఉడికితే అతుకు మీద నుంచి టన్నుల బొగ్గు పోయినా ఊడదు. ఉడకకపోతే వారం తిరగదు. అందుకే లేటెక్స్ ముక్కను మొదట వాసన చూశాడు, తర్వాత మడిచి వదిలాడు. "మెత్తగనే ఉంది గాని మొండిది రా ఇది. బాగ ఉడికింది" అన్నాడు.

ఆ ఒక్క మాటలోనే లేటెక్స్ పరుపు పనితనమంతా ఉంది.

కేరళలో తెల్లవారకముందే రబ్బరు చెట్టు బెరడును ఏటవాలుగా గీస్తారు. గీత మరీ లోతైతే చెట్టు దెబ్బతింటుంది, పైపైన గీస్తే పాలు కారవు. చిప్పలో చేరిన పాలలో సుమారు మూడోవంతే రబ్బరు, తక్కినదంతా దాదాపు నీళ్ళే. గడ్డకట్టకుండా అమోనియా కలిపి, గిర్రున తిప్పే యంత్రంలో నీటిని వేరుచేసి, రబ్బరు వాటా 60 శాతానికి వచ్చేలా చిక్కబరుస్తారు. దానిలో సబ్బు, గంధకం వగైరా కలిపి గిలకొడతారు. కవ్వంతో మజ్జిగ చిలికితే నురగ వచ్చినట్టే ఇక్కడా నురగ వస్తుంది. అయితే మజ్జిగ నురగ కాసేపట్లో అణగారిపోతుంది. ఈ నురగ అణగకముందే గడ్డకట్టాలి, గడ్డకట్టకముందే అచ్చు మూలమూలకీ పారాలి. ఈ రెంటి నడుమ దొరికే నిమిషాల్లోనే ఉంది నేర్పంతా. గడ్డకట్టించే మందు కాస్త ముందు పనిచేస్తే అచ్చు నిండదు, కాస్త ఆలస్యమైతే బుడగలు ఒకదాన్నొకటి మింగి లోపల గుంటలు పడతాయి.

డన్‌లప్ కంపెనీవాళ్ళు 1929లో ఈ పద్ధతి పట్టుకున్నారు. మొదటి నురగను మర్ఫీ అనే రసాయనవేత్త వంటింటి కేకు గిలక్కొట్టే మిషన్‌లో తీశాడని చెబుతారు. నిజమైనా కాకపోయినా నమ్మబుద్ధేసే కథ. ఎందుకంటే ఇది మొదటి నుంచీ వంటపని లాంటిదే. అచ్చులో పోసిన నురగను ఆవిరితో సుమారు 100 డిగ్రీల దగ్గర ఉడికిస్తారు. అప్పుడు గంధకం రబ్బరు పోగుల్ని ఒకదానికొకటి ముడివేస్తుంది. బావ బెల్టు అతుకులో జరిగేదీ అదే రసాయనం. రబ్బరు నురగకు వేడి ఒక పట్టాన ఎక్కదు. అందుకని అచ్చుకు పైనా కిందా లోహపు పిన్నులు వరసగా దిగేసి ఉంటాయి. వేడి పిన్నుల గుండా పరుపు నడిబొడ్డుకు చేరుతుంది. బయటికి తీశాక పిన్నులున్న చోట చిల్లులు మిగులుతాయి. షాపులో వాటిని చూపించి "గాలి ఆడడానికండీ" అంటారు. గాలి ఆడే మాట నిజమే, కానీ ఆ చిల్లులు పుట్టింది పరుపు సమంగా ఉడకడానికి. ఇడ్లీ రేకుకు చిల్లులెందుకో తెలిసిన ఇల్లాలికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

తలాలే అనే ఇంకో పద్ధతి ఉంది. అందులో అచ్చును సగమే నింపి, లోపలి గాలి లాగేసి, నురగను అచ్చంతా ఉబ్బనిచ్చి, గడ్డకట్టేలా చల్లబరిచి, బొగ్గుపులుసు వాయువు పంపి, ఆ తర్వాత ఉడికిస్తారు. బుడగలు మరింత సమంగా, పరుపు మరింత మృదువుగా వస్తాయి, ధర కూడా ఆ మేరకు పెరుగుతుంది. డన్‌లప్ పద్ధతిలో నురగ గట్టిపడేలోగా బరువు కొద్దిగా కిందికి దిగి, అడుగు వైపు కాస్త గట్టిగా వస్తుంది. నాకది లోపంలా కనిపించదు, పైన మెత్తగా కింద గట్టిగా ఉండడం పరుపుకు చెడ్డ గుణమేమీ కాదు. ఆఖరున సబ్బూ మిగిలిన మందులూ పోయేలా కడిగి ఆరబెడతారు. కడగడంలో పిసినారితనం చేసిన పరుపు కొన్ని నెలల పాటు వాసన కొడుతుంది. బావ మొదట ముక్కు దగ్గర పెట్టుకున్నది అందుకే.

ఇక జాలీ సంగతి. దీన్ని నేను కొంచెం చిన్నచూపుతోనే పట్టుకున్నానని ఒప్పుకోవాలి. పది నిమిషాలు ఆడుకున్నాక ఆ చూపు పోయింది.

వేలితో నొక్కితే మొదట ఎదురు తిరుగుతుంది. ఇంకొంచెం నొక్కితే ఉన్నట్టుండి గోడ పక్కకి ఒరిగి వేలికి దారి ఇస్తుంది. పక్క గళ్ళ గోడలు మాత్రం నిటారుగానే ఉంటాయి. సన్నని స్తంభం ఎంత బరువు దాకా నిలబడుతుందో, ఎక్కడ పక్కకు వంగిపోతుందో ఆయిలర్ 1744లోనే గణితంలో రాసి పెట్టాడు. ఆ పుణ్యానే ఇంజనీర్లు బాయిలర్ కట్టడాల స్తంభాలు వంగకుండా కడుతున్నారు. ఈ జాలీ గీసినవాళ్ళు అదే లెక్కను తిరగేశారు. గోడ వంగాలి, కానీ వంగమన్న బరువు దగ్గరే వంగాలి. పక్కకు తిరిగి పడుకుంటే భుజమూ తుంటీ ఎక్కువ నొక్కుతాయి, అక్కడ గోడలు ఒరిగి చోటిస్తాయి. నడుము తక్కువ నొక్కుతుంది, అక్కడ గోడలు నిలబడి మోస్తాయి. లేటెక్స్ అలా కాదు. ఎంత దిగితే అంత ఎదురు తోస్తుంది, వదిలిన మరుక్షణం పైకి లేస్తుంది.

ఈ ఊహ అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన పియర్స్ సోదరులది. చక్రాల కుర్చీల్లో రోజంతా కూర్చునేవాళ్ళకు పుండ్లు పడకుండా మెత్తలు చేస్తూ మొదలుపెట్టి, 2015లో పర్పుల్ అనే కంపెనీ పేరుతో పరుపుల్లోకి దిగారు. గాజు పలక కింద పచ్చి గుడ్లు అతికించి జాలీ మీద పడేస్తే పగలకపోవడం వాళ్ళ ప్రకటన. మన దేశంలో ముంబైకి చెందిన ప్రియాంకా సాలోత్, హర్షిల్ సాలోత్ 2019లో పెట్టిన ది స్లీప్ కంపెనీ ఈ జాలీ పరుపును జనానికి పరిచయం చేసింది. సాగే పాలిమర్‌కు రంగూ రుచీ లేని ఖనిజ తైలం పట్టించి, కరిగించి, అచ్చులోకి నెట్టి ఈ జాలీ తీస్తారు. ఇందులో గంధకం లేదు, ఉడికించడం లేదు, చల్లారితే చాలు. అంతటి సన్నని గోడ పరుపు పొడవునా ఎక్కడా చిరగకుండా, ఒకే మందాన రావాలంటే అచ్చు చెక్కినవాడి చెయ్యి ఎంత నికరమైనదో ఊహించుకోండి.

అయితే ఒక చిక్కుంది. బావ తూకం తొంభై కిలోలకు దగ్గర. అక్క దానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఒకే జాలీ ఇద్దరికీ ఒకే బరువు దగ్గర వంగదు. బావకు గళ్ళు ఒరిగి సుఖంగా ఉన్నచోట అక్కకు గోడలు నిటారుగా నిలబడి, చాప మీద పడుకున్నట్టు ఉంటుంది. షాపులో పెద్ద పరుపు మీద పడుకున్నప్పుడు అక్క ఇదే అంది: "ఏమోరా, నాకిది గట్టిగ తగులుతోంది."

ఇంకో సంగతి జిప్పు తీస్తే తెలిసింది. జాలీ పరుపంటే పైనుంచి కిందిదాకా జాలీ కాదు. షాపులో చూసినదానిలో జాలీ పైన ఒకటి రెండు అంగుళాలే, దాని కింద అంతా మామూలు ఫోమ్. పైన ఎంత మంచి పని ఉన్నా, పరుపు కుంగేది కింద ఫోమ్ కుంగినప్పుడే. లేటెక్స్‌లోనూ ఈ మాయ లేకపోలేదు. ఒక అంగుళం లేటెక్స్ అతికించి పేరంతా దానికే ఇచ్చేవి బజారులో బోలెడు. సహజ రబ్బరులో కృత్రిమ రబ్బరు కలిపినవీ ఉన్నాయి.

ఎండ మాట చెప్పకుండా రాయచూరు జిల్లాలో పరుపు మాట పూర్తి కాదు. మే నెలలో నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. కరెంటు పుట్టే ఊళ్ళో ఉంటూ ఏసీ పెట్టుకోనంటాడు బావ, అదొక పంతం. గాలి ఆడే విషయంలో జాలీకే పై మార్కు, గళ్ళన్నీ తెరిచిన కిటికీలే కదా. లేటెక్స్ చిల్లులు దాని తర్వాత, ఫోమ్ ఆ రెంటికీ దూరంగా వెనక. కానీ మన ఇళ్ళలో పరుపును మేడ మీద ఎండలో వేసి, కర్రతో కొట్టి దుమ్ము దులపడం అలవాటు. దూదికి అది మేలు. లేటెక్స్‌కు అది చావు. ఎండా గాలీ కలిసి రబ్బరు పోగుల్ని తెంపుతాయి, పసుపెక్కి, పైపొర బిరుసై, పొడిపొడిగా రాలుతుంది. నీడన, కిటికీ పక్కన నిలబెట్టి ఆరబెట్టాలి. అక్కకు ఈ మాట మూడుసార్లు చెప్పాను.

దూది పరుపుకున్న ఒక గొప్ప ఈ రెంటికీ లేదు. దూదేకులవాళ్ళు వాకిట్లో కూర్చుని విల్లు తీగను టింగుమనిపిస్తూ గడ్డకట్టిన దూదిని మళ్ళీ మబ్బులా విడదీసేవాళ్ళు. చారల గుడ్డలో నింపి, దబ్బనంతో కుట్లు వేస్తే పాత పరుపు కొత్తదయ్యేది. లేటెక్స్ పోతే పోయినట్టే, జాలీ పరుపు కింద ఫోమ్ కుంగినా అంతే.

చివరికి మేం తీసుకున్నది ఆరు అంగుళాల డన్‌లప్ లేటెక్స్, పైనుంచి కిందిదాకా ఒకటే రబ్బరు. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఒకే పరుపుగా తీసుకుంటే ఘనపు మీటరుకు 80 కిలోల లెక్కన 44 కిలోలు తూగుతుంది, అక్క కదిలించలేదు. అందుకని మూడడుగుల వెడల్పువి రెండు తీసుకుని పెద్ద మంచం మీద పక్కపక్కన వేశాం, ఒక్కోటి 22 కిలోలు. భుజం నొప్పితో పక్కకు తిరిగి పడుకునే బరువైన మనిషి ఒంటరిగా పడుకునేట్టయితే నేను జాలీనే కొనమనేవాణ్ణి. బావకు ఆ జాలీ నమూనా ముక్క మీద మోజు పోలేదు, షాపతన్ని అడిగి ఉంచుకున్నాడు. ఇప్పుడది ఆయన కుర్చీలో ఉంది.

మీరు ఏది కొన్నా, కొనేముందు జిప్పు తీసి లోపలి పొరలు చూపించమనండి. చూపించనన్న షాపులో కొనకండి.